అత్తగారి వెనక తలుపు

తలుపు బిగించే పిడులు తెరిచి ఉన్నాయి. ఆరింటికి ఆరూ. చూడగానే నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇవి ఎవరు తిప్పారు?" అని అడిగాను.

పుస్తకాలాయన కళ్ళజోడు సవరించుకొన్నాడు. మునిగిపోయిన మా డిస్ట్రాయర్‌కు చరిత్ర రాసిపెట్టమని నౌకాదళం వాళ్ళు పురమాయించిన మనిషి ఆయన. వయసు ముప్పై దాటి ఉండదు. చొక్కా నలగదు, మాట నలగదు. డాక్‌యార్డులో ఒకప్పుడు తాళ్ళు పేనిన పొడుగాటి షెడ్డును మ్యూజియం చేసి, సముద్రం అడుగునుంచి తీసిన మా ఓడ ముక్కల్ని అందులో నిలబెట్టారు. మర్నాడే ప్రారంభం. ఏ ముక్క ఎక్కడిదో చెప్పమని, ఆ ఓడలో పనిచేసి బతికి బయటపడ్డవాణ్ణి కదా అని నన్ను పిలిచాడు.

"మేమే తిప్పించామండీ. తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. నూనె పోసి, నానబెట్టి, సుత్తితో కొట్టిస్తే గానీ కదల్లేదు."

"ఎందుకు తిప్పించారు?"

"తలుపు తెరిచి ఉందని పుస్తకంలో ఉంది కదండీ. ఇక్కడ మూసి ఉంటే చూసేవాళ్ళు తికమక పడతారు."

నిజంగా ఈ మాటే అన్నాడు. కొంచెం కూడా తడుముకోలేదు. వాన వస్తుందేమో గొడుగు తెచ్చుకొన్నానన్నంత మామూలుగా చెప్పాడు. నాకు ఆ మనిషిని కొట్టాలని కూడా అనిపించలేదు, చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఆ తలుపు మూయకుండా వదిలేసి ఓడను ముంచాడని లోకమంతా నమ్మిన మనిషి మా బావ. మా అక్క మొగుడు. మూసింది ఆయనే, పక్కన నిలబడి సుత్తి వేసింది నేను. తుక్కు కోసం ఓడను కొన్నవాళ్ళు ఆ తలుపును చుట్టూ ఉన్న ఇనప గోడతో సహా కోసి పైకి తెచ్చినప్పుడు రేవులో నిలబడి నా కళ్ళతో చూశాను. ఆరు పిడులూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఇంటికెళ్ళి అక్కతో చెప్పాను. "అయితే ఇంక అందరూ చూస్తారుగా" అంది. అంతే. ఆ ఒక్క మాట మీద ఆవిడ ఇన్ని నెలలు బతికింది. నన్ను అడక్కుండానే ప్రారంభానికి కట్టుకోవడానికి చీర కూడా తీసి పెట్టుకొంది.

ఇప్పుడు వీళ్ళు పిడులు తిప్పేశారు.

పుస్తకంలో మా ఓడను సముద్ర సింహం అని రాశారు. మేము దాన్ని అత్తగారు అనేవాళ్ళం. పొద్దస్తమానం మూలుగుతుంది, ఎంత సేవ చేసినా ఎక్కడో ఒకచోట కారుతుంది, వయసైపోయిందంటే ఒప్పుకోదు. మా దగ్గరికి రాకముందే వేరే దేశం వాళ్ళ కింద ఒక యుద్ధం చేసి అలిసిపోయింది. వాళ్ళు వదిలించుకొంటే మనవాళ్ళు కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చుకొన్నంత సంబరంగా తెచ్చుకొన్నారు. గొట్టాల మీద రాతలన్నీ వాళ్ళ భాషలోనే ఉండేవి. ఏది ఆవిరి గొట్టమో ఏది చన్నీళ్ళ గొట్టమో చెయ్యి కాలాక తెలిసేది.

పుస్తకంలో ఒక అధ్యాయం నిండా పరుచుకొన్న మహా సముద్ర యుద్ధంలో నేనున్నాను. శత్రువు జలాంతర్గామి ఉందని ఎవరికో అనుమానం వచ్చి, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఒకేచోట నీళ్ళలోకి బాంబులు దించాం. పైకి తేలినవి చేపలు. మా వంటాయన బకెట్లకు తాడు కట్టి దించి, దొరికినన్ని పైకి లాగాడు. ఆ పూట కడుపునిండా తిన్నాం. ఆ చేపలకు అప్పటి కెప్టెనుకు పతకం వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అత్తగారు చేసిన దేశసేవ ఏమిటంటే పెద్దవాళ్ళ చుట్టాల్ని ఎక్కించుకొని షికార్లు తిప్పడం. వాళ్ళు వాంతులు చేసుకొనేవాళ్ళు, మేము కడిగేవాళ్ళం. వాళ్ళు ఫొటోలు దిగేవాళ్ళు, మేము ఆ ఫొటోల్లో పడకుండా పక్కకు తప్పుకొనేవాళ్ళం.

మంచిపని ఒకటుంది, చెప్పకపోతే నా నోరు పడిపోతుంది. పెద్ద తుపానుకు ఒక రేవు ఊళ్ళో నీళ్ళ గొట్టాలన్నీ తెగిపోయాయి. అత్తగారిని అక్కడ కట్టేసి, ఉప్పునీళ్ళు మరిగించి మంచినీళ్ళు చేసి, బిందెలతో వచ్చినవాళ్ళందరికీ పోశాం. బావ ఇంజను గదిలోంచి బయటికే రాలేదు. మొహం ఉడికిన దుంపలా అయిపోయింది. "అత్తగారు జన్మలో మొదటిసారి కోడళ్ళకి నీళ్ళిస్తోందిరా, మధ్యలో ఆపితే మళ్ళీ మనసు మార్చుకుంటుంది" అనేవాడు. పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే, "అది యుద్ధ చర్య కిందికి రాదు కదండీ" అన్నాడు పుస్తకాలాయన.

ఇక చివరి కెప్టెను. ఆయన్ని మేము తెల్లగ్లౌజు అనేవాళ్ళం. కుడిచేతికి తెల్లటి గ్లౌజు తొడుక్కొని ఓడంతా తిరిగి, తలుపు అంచు మీద, గొట్టం కింద, దీపం వెనకాల వేలితో రాసి చూసేవాడు. వేలు నల్లబడితే ఆ చోటు చూసుకొనేవాడి పని అయిపోయినట్టే. సెలవు పోయేది, తిట్లు వచ్చేవి. అందుకని మేమంతా కంటికి కనిపించిన ప్రతిదానికీ రంగు కొట్టేవాళ్ళం. తుప్పు మీద రంగు, మట్టి మీద రంగు, నిన్నటి రంగు మీద ఇవాళ రంగు.

ఓడలో నీళ్ళు చొరబడని తలుపంటే పెద్ద మాయేమీ లేదు. తలుపు అంచు చుట్టూ మెత్తటి రబ్బరు పట్టీ ఉంటుంది. పిడులు బిగిస్తే చట్రం అంచు ఆ రబ్బరులోకి దిగి నొక్కుకుంటుంది, నీళ్ళు ఆగుతాయి. రబ్బరు మీద రంగు వేస్తే అది గట్టిపడి పెంకైపోతుంది, ఇక దేన్నీ ఆపదు. దీనికి చదువులు అక్కర్లేదు. చేరిన కొత్తల్లోనే అందరికీ చెప్తారు. తెల్లగ్లౌజుకూ చెప్పారు, నాకూ చెప్పారు. అందరికీ తెలుసు, అందరూ వేశారు. ఎందుకంటే రబ్బరు నల్లగా ఉంటుంది. గ్లౌజు పెట్టి రాస్తే వేలికి అంటుకొంటుంది.

తలుపులు, పంపులు చూసుకోవడం బావ పని. బ్లేడు పట్టుకొని ఒక్కో తలుపు రబ్బరూ గీకేవాడు. ఈ చివర గీకి ఆ చివరికి వెళ్ళేసరికి ఇక్కడ మళ్ళీ బ్రష్షు పడేది. "అత్తగారికి పౌడరు ఎక్కువైందిరా, మొహం చిట్లి చస్తుంది" అని నవ్వేవాడు మొదట్లో. తర్వాత నవ్వడం మానేశాడు. తలుపు చట్రానికి సుద్ద రాసి, మూసి తెరిస్తే రబ్బరు మీద చుట్టూ తెల్ల గీత పడాలి. వెనక తలుపుకు సగం గీత కూడా పడలేదు. ఆ సంగతి వెళ్ళి తెల్లగ్లౌజుతో చెప్పాడు. దేశాధినేత నౌకాదళాన్నంతా చూడ్డానికి వస్తున్న సమయం అది. ఓడలన్నీ వరసలో నిలబడి మెరవాలి.

"అది అయ్యాక చూద్దాం, ముందు ఆ గీకుడు ఆపి రంగు కొట్టు" అన్నాడు తెల్లగ్లౌజు. బావ కొట్టలేదు. వేరేవాళ్ళ చేత కొట్టించారు.

అత్తగారిని శత్రువు ముంచలేదు, తుపానూ ముంచలేదు. ఆ ప్రదర్శనకు వెళ్తూ, చూడముచ్చటగా ఉండాలని ఒకదాన్నొకటి ఆనుకొన్నంత దగ్గరగా నడిపిస్తుంటే, పొద్దుటి మంచులో మన చమురు ఓడే వెనకనుంచి వచ్చి గుద్దింది. వెనక గిడ్డంగికి చిల్లు పడింది. అంతవరకు ఏమీ కాలేదు. ఆ ఒక్క గదీ నిండినా ఓడ తేలుతుంది. గిడ్డంగికీ ఇంజను గది నడవకీ మధ్యనున్న ఆ వెనక తలుపు నీళ్ళాపితే చాలు.

బావా నేనూ మూశాం. ఆరు పిడులూ సుత్తితో కొట్టి బిగించాం. తలుపు చుట్టూ నాలుగు వైపులా నీళ్ళు పల్చగా, రేకులాగా చిమ్మడం మొదలుపెట్టాయి. బావ ఒక్క బూతు మాట అన్నాడు, ఆయన నోట నేను విన్న ఒకే ఒక్క బూతు మాట. పరుపులు కుక్కాడు, దుంగలు ఆనించాడు, చివరికి వీపు ఆనించాడు. "ఇంకో దుంగ పట్రా, పో" అన్నాడు. నేను పైకెళ్ళి దుంగ భుజాన వేసుకొని వచ్చేసరికి మెట్ల మీదికి నల్లటి నీళ్ళు ఎక్కేశాయి. కింద ఉన్నవాళ్ళు ఎవరూ రాలేదు. బావ రాలేదు. పరుపులు అందివ్వడానికి దిగిన వంటాయనా రాలేదు.

తెల్లగ్లౌజు పడవెక్కి ఒడ్డుకొచ్చాడు. విచారణ పెట్టారు. విచారణలో తేలింది ఏమిటంటే, తలుపు మూస్తే నీళ్ళు రావు, నీళ్ళు వచ్చాయి, కాబట్టి తలుపు మూయలేదు. రంగు సంగతి నేను చెప్పాను. మూసినప్పుడు నేను అక్కడే ఉన్నానని చెప్పాను. "చనిపోయినతను నీకు ఏమవుతాడు?" అని అడిగారు. బావ అవుతాడన్నాను. విచారణకు కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకొన్నారు. బావమరిది ఇంకేం చెప్తాడు అన్నట్టు ఒకాయన నవ్వాడు కూడా. ఆ నవ్వు తలుచుకొంటే ఇవాళ్టికీ నాకు అన్నం సయించదు.

చనిపోయినవాళ్ళ పేర్లు రేవులో స్మారకం గోడ మీద చెక్కించి, బావ పేరు వదిలేశారు. అక్క ఆసుపత్రి లాండ్రీలో చేరి దుప్పట్లు ఉతుకుతూ ఇద్దరాడపిల్లల్ని పెంచింది. గోడ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. ఆవిణ్ణి తినేసింది గోడ కాదు, వంటాయన భార్య. క్వార్టర్సులో పక్క పక్క ఇళ్ళు. వదినా అంటే వదినా అనుకొనేవాళ్ళు, ఒకరి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండేది. విచారణ అయ్యాక ఆవిడ అక్క తాళంచెవి తెచ్చి గుమ్మంలో పెట్టి, "మీ ఆయన ఒక్క తలుపు మూసుంటే నా పిల్లలకి నాన్న ఉండేవాడు" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వీధిలో ఎదురుపడినా మొహం తిప్పుకొనేది. మిగతా ఆడవాళ్ళంతా ఆవిణ్ణి చూసి అదే నేర్చుకొన్నారు. అక్క ఆవిణ్ణి ఒక్కమాట అనలేదు, నన్నూ అననివ్వలేదు. "దాని స్థానంలో ఉంటే నేనూ అంతే" అనేది.

మ్యూజియం నుంచి తిన్నగా అక్క ఇంటికే వెళ్ళాను. పిడుల సంగతి చెప్పి, రేపు ఆ షెడ్డుకు నిప్పెడతానని, పుస్తకాలాయన కళ్ళజోడు వాడి చేతే మింగిస్తానని నోటికొచ్చినట్టల్లా వాగాను. అక్క దుప్పటి మడత పెడుతూ విన్నది.

"అవి మళ్ళీ మూసుకుంటాయా?" అంది.

"ఏవి?"

"ఆ పిడులేరా."

"నూనె పోసి చచ్చారుగా. ఇప్పుడు చేత్తోనే తిరుగుతాయి."

"మరింకేం" అంది. దుప్పటి నా చేతికి ఒక కొస ఇచ్చి, "సరిగ్గా పట్టుకో, ముడతలు పడుతోంది" అంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు నిండిపోయింది. పూలు, బ్యాండు, కుర్చీలకు తెల్ల గుడ్డలు. చనిపోయినవాళ్ళ భార్యల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. అక్కకు అక్కడ కుర్చీ లేదు, వెనక నాతో నిలబడింది. తలుపును ఇనప గోడ ముక్కతో సహా వేదిక పక్కనే నిలబెట్టి, దాని వెనక చిన్న గదిలా కట్టి, లోపల బాగా వెలిగే దీపం పెట్టారు. తలుపు బార్లా తెరిచి ఉంది. పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో, ఒక నావికుడి నిర్లక్ష్యానికి మూగ సాక్షి అని రాశారు. మూగదట. నోరు నొక్కింది వీళ్ళే, మళ్ళీ మూగదనడమూ వీళ్ళే.

తెల్లగ్లౌజు ముఖ్య అతిథి. ముసలాడైపోయాడు, ఛాతీ నిండా పతకాలు, మనిషి కంటే అవే ఎక్కువ బరువున్నట్టున్నాయి. ఎవరు చెప్పారో, ప్రసంగాలు మొదలవకముందే మా దగ్గరికి వచ్చాడు. నన్ను చూడనట్టే అక్క వైపు తిరిగాడు.

"అమ్మా, మీ ఆయన పేరు గోడ మీద చేర్పించే పూచీ నాది. గుద్దుకున్నప్పుడు తలుపు వంగిపోయింది, మూసుకోలేదు, ఎవరి తప్పూ లేదు అని రాయిద్దాం. మీ తమ్ముణ్ణి కూడా అదే చెప్పమనండి. ఇన్నేళ్ళయింది, ఇంకా దేనికి తవ్వుకోవడం."

ఈ ముసలాడికి అంతా గుర్తుంది. రంగు గుర్తుంది, బావ వచ్చి చెప్పింది గుర్తుంది. మర్చిపోయుంటే కాస్త మనిషి అనుకొనేవాణ్ణి. నేను నోరు తెరిచేలోపు అక్క నా మోచెయ్యి పట్టుకొంది. ఆవిడ ఆలోచిస్తోందని నాకు తెలిసింది, నాకు భయమేసింది కూడా. అక్క అడిగితే నేనూ ఒప్పుకొనేవాణ్ణే. ఆవిడ పడ్డది నేను చూశాను, ఆ పేరు గోడ ఎక్కితే ఏ అబద్ధమైనా సరే అని నేనే అనేవాణ్ణి.

"తలుపు వంగలేదు కదండీ" అంది అక్క. "తిన్నగానే ఉంది. రండి, చూద్దురుగాని."

ఆయన్ని అక్కడే వదిలేసి నడిచింది. కుర్చీల మధ్యనుంచి, ముందు వరస దాటి, బోర్డు దాటి, తలుపు లోపలికి వెళ్ళింది. వేదిక మీద అప్పుడే మాట్లాడ్డం మొదలుపెట్టినాయన ఆగిపోయాడు. అక్క లోపలినుంచి తలుపు లాక్కొంది.

"వెయ్యరా" అంది.

నేను ఒక్కో పిడీ తిప్పాను. చేత్తో తిరిగినంత తిప్పి, పిడికిలితో గుద్ది బిగించాను. పుస్తకాలాయన, "అయ్యో, అవి ముట్టుకోకూడదండీ" అంటూ వచ్చి నా మొహం చూసి ఆగిపోయాడు. ఆరూ బిగించి పక్కకు తప్పుకొన్నాను.

తలుపు చుట్టూ నాలుగు వైపులా సన్నగా వెలుతురు కారుతోంది. పైన, కింద, రెండు పక్కలా. మధ్యలో మా అక్క కదిలినప్పుడల్లా ఆ వెలుతురు కొంచెం తగ్గి మళ్ళీ వస్తోంది.

"మూసిన తలుపు ఇది" అన్నాను. "కావాలంటే వచ్చి గుంజి చూడండి. ఆ రోజు కూడా ఇలాగే మూశాం. వెలుతురు వచ్చేచోట నీళ్ళు రావా?"

"ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలో నానిన రబ్బరది" అన్నాడు తెల్లగ్లౌజు నా వెనకనుంచి. "ఇవాళ దాన్ని చూసి ఏం తేలుస్తావు నువ్వు?"

బిగించేటప్పుడు రబ్బరు మీంచి రాలిన రంగు పెచ్చు ఒకటి నా కాళ్ళ దగ్గర పడి ఉంది. గోరంత మందం. తీసి ముందు వరసలో ఎవరి చేతికో ఇచ్చాను. బూడిదరంగు, తెలుపు, మళ్ళీ బూడిదరంగు, పొరమీద పొర. వెనకవైపు రబ్బరు గుర్తులు అచ్చు దిగి ఉన్నాయి.

"సముద్రం రంగు పీకుతుంది గానీ వెయ్యదు సార్" అన్నాను. "ఇది వేయించింది మీరు. వేసింది మేమందరం. వెయ్యనన్నది ఆయనొక్కడు."

పెచ్చు ఒక చేతినుంచి ఇంకో చేతికి పోతోంది. తెల్లగ్లౌజు పుస్తకాలాయన వైపు తిరిగి, టీ తెమ్మన్నంత తేలిగ్గా, "ఆ లోపలి లైటు ఆపెయ్యండి" అన్నాడు.

పుస్తకాలాయన వెళ్ళి ఆపేశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తలుపు చుట్టూ ఉన్న గీత పోయింది. ఇనప తలుపు, ఇనప గోడ, నల్లగా, ఏమీ జరగనట్టే. బ్యాండు వాళ్ళను వాయించమని ఎవరో సైగ చేశారు. ఇంతమంది చూస్తుండగా, లోపల ఒక ముసలామె ఉండగా, స్విచ్చి ఆపేసి ఇంక వాయించుకోండి అన్నారు. విచారణలో ఆ నవ్వు చూసినప్పటికంటే ఎక్కువ అసహ్యం వేసింది నాకు.

"లైటు పోయిందిరా తమ్ముడూ" అంది అక్క లోపలినుంచి.

ముందు వరసలోంచి వంటాయన భార్య లేచింది. మోకాళ్ళు పట్టేసి కుర్చీ అంచు పట్టుకొని లేవాల్సి వచ్చింది. చేతులు మారిన రంగు పెచ్చు అప్పుడు ఆవిడ చేతిలో ఉంది. మెల్లగా షెడ్డు గోడ దాకా వెళ్ళి, పుస్తకాలాయన్ని చేత్తో పక్కకు జరిపి, స్విచ్చి వేసింది. మళ్ళీ మెల్లగా తలుపు దగ్గరికి వచ్చింది. వెలుతురు గీత మీద వేలు పెట్టి, పైనుంచి కింద దాకా, కిందినుంచి అటు పక్కకు, అందినంత మేర నడిపించింది. వేలు ఎక్కడా ఆగలేదు. తలుపుకు నుదురు ఆనించింది.

"వదినా" అంది. ఎన్నో ఏళ్ళకు ఆ నోట ఆ మాట విన్నాను.

"నువ్వప్పుడే బయటికి రాకు వదినా" అంది ఆవిడ. "నేనిక్కడ నిలబడి ఉంటాను, ఈ లైటు ఎవరాపుతారో చూస్తాను. అందర్నీ ఒక్కొక్కళ్ళుగా వచ్చి చూడనీ."